ముల్లు లేవని మీటరు

మొరిహికోకి మీ వదిన రాస్తున్నది,

ఒనోమిచిలో వానలు వెళ్ళి ఎండలు మండుతున్నాయి. మీ అన్నయ్య ఫిల్ము కెమెరా కోసం నువ్వు పంపిన, వెలుతురు కొలిచే లైట్ మీటరు అందింది. బియ్యం డబ్బా వెనక దాచాను.

పాత మీటరు పాడైపోయింది. నడిఎండలో పట్టినా ముల్లు లేవదు. ఆయన చూపు కూడా బాగా తగ్గిపోయింది. రోజూ రేవు దగ్గర నిలబడి "ముల్లు ఎక్కడుంది?" అంటారు. లేవలేదని ఉన్నమాటే చెబుతాను. "చూశావా, వెలుతురే లేదు. నా కళ్ళకేం కాలేదు. రేపు తీద్దాం" అంటూ కెమెరా సంచిలో పెట్టేస్తారు. నేను చెమట తుడుచుకుంటూ ఊఁ కొడతాను.

కొత్తది ఇస్తే ఆ ఒక్క ధైర్యమూ పోతుంది. ఇవ్వకపోతే ఇక ఫోటోలే తీయరు. నన్నేం చేయమంటావు?

పొద్దున "తమ్ముడి పార్సిల్ వచ్చిందా?" అని అడిగారు. రాలేదన్నాను.

"తొందరేం లేదులే" అన్నారు, నా చెయ్యి గట్టిగా పట్టుకుని.