వాడికి నేనే చెప్పాలి

అమ్మా బానూ, మీ అత్త సలాం. నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. నీ సిడ్నీ ఉద్యోగం సంగతి కింద రాస్తున్నాను.

ఈ గ్రీసు దీవిలో ఊరు కొండల మధ్య ఉంది. సముద్రం కనబడదు, మేకల గంటలు తప్ప చప్పుడు లేదు. మనసు కుదుటపడుతుందని పక్కింటి ఐరీన్‌తో నన్ను పంపావు. ఆమె ఎందుకు వచ్చిందో నిన్న తెలిసింది. కొన్నేళ్ల కింద ఇక్కడ పోయిన ఆమె కొడుకు సమాధిని మళ్లీ తవ్వారు. స్థలం చాలక కొన్నేళ్లకు ఎముకలు తీసి పెట్టెలో పెడతారట. నా బిడ్డ ఫుర్కానే కళ్లముందు మెదిలాడు. ఐరీన్ ఒక్కో ఎముకా ద్రాక్ష సారాతో కడిగింది. సారా నేను ముట్టలేదు, తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. "వీడిక్కడ, నేను డార్విన్‌లో. అయినా వీడి అమ్మను కాకుండా పోయానా?" అంది.

అక్కడ వానలు మొదలయ్యాయా? ఫుర్కాన్ సమాధి మట్టి కుంగితే రహీమ్ భాయ్‌తో పోయించు. నా మనవరాలు అలీజాకి దగ్గు తగ్గిందా? తడి జుట్టుతో ఏసీలో పడుకోనివ్వకు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయని భయపడి నిన్ను పిలుస్తున్నారే, ఆ ఉద్యోగం ఒప్పుకో. ఫుర్కాన్‌ను డార్విన్‌లో ఒంటరిగా వదిలి రానని నీతో పోట్లాడాను. ఇప్పుడు వస్తాను. ఫోనులో చెబితే ఏడుపొస్తుందని కార్డు రాస్తున్నాను. నేను లేనప్పుడే వెళ్లిపోతారేమోనని నిద్ర పట్టడం లేదు. నేను వచ్చేదాకా సామాను కట్టకు. వెళ్తున్నామని వాడికి నేనే చెప్పాలి.

అల్లా మీ ఇద్దరినీ చల్లగా చూడాలి.

మీ అత్త ఖాసింబీ