మలుపు తిరగని లారీ

దబీర్‌పురా,
1974 ఆగస్టు, ఆదివారం.

మాణిక్యం,

నీ ఉత్తరం అందింది. హాస్టల్ అన్నంలో రాళ్ళు వస్తున్నాయని రాశావు. రాళ్ళ లారీ తోలేవాడి పెళ్ళానికి అది తప్పదులే అని నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఎప్పటిలా ‘అంతా క్షేమం’ అని రాసి ముగించడం ఈసారి నా వల్ల కాదు.

మీ బాపు వేలంలో కొన్న పాత మిలిట్రీ లారీ నీకు తెలుసు కదా. దానికి నాలుగు చక్రాలూ లాగుతాయి. బార్కస్ అవతల క్వారీ దారంతా వానలకు బురదైంది కాబట్టి అక్కడ గేరు పక్కనుండే చిన్న రాడ్డు వెయ్యాల్సిందే. వేస్తే ముందు చక్రాలకూ లాగుడు వస్తుంది. కానీ గట్టి రోడ్డు ఎక్కగానే దాన్ని తీసెయ్యాలి. నేను మిలిట్రీలో ఉన్నప్పుడు మాకు మొదట నేర్పింది అదే. ఒక ఉస్తాదు తడి టైర్లతో లారీని మైదానంలో గుండ్రంగా తిప్పి, నేల మీద గీతలు చూపించాడు. మలుపులో ముందు చక్రాలు బయటి నుంచి పెద్ద చుట్టు తిరిగి వస్తాయి, వెనుకవి లోపలి నుంచి దగ్గర దారిన వస్తాయి. కాబట్టి ముందువి ఎక్కువ దొర్లాలి. చిన్న రాడ్డు వేశామంటే ముందు ఇరుసునూ వెనుక ఇరుసునూ ఒకదానికొకటి కట్టేసినట్టే, రెండూ ఒకే లెక్కన తిరగాలి. బురదలో చక్రం కాస్త జారుతుంది, తేడా అందులో పోతుంది. పొడి రోడ్డు మీద జారదు. ఆ తేడా పోయే దారి లేక తడి బట్ట పిండినట్టు షాఫ్టుల్లో బిగుసుకుంటుంది. స్టీరింగు రాయిలా అవుతుంది, ఎవరో బ్రేకు తొక్కినట్టు బండి ఆగుతుంది. రాడ్డు కూడా ఆ బిగువులో చిక్కుకుని బయటికి రాదు. వచ్చిన దారినే కాస్త వెనక్కి పోనిస్తే తప్ప వదలదు.

ఇదంతా మీ బాపుకు చెప్పబోయాను. ‘నాలుగు చక్రాల బండి కొని రెండిటితోని తోల్తమా?’ అన్నాడు. నేను రాడ్డు తియ్యకుండా దాన్ని ఇనుప తీగతో కట్టేశాడు.

బుధవారం కంకర లోడుతో స్టేషన్ దగ్గరి సిమెంటు గల్లీలోకి తిప్పాను. సగం మలుపులో స్టీరింగు బిగుసుకుంది. బంపరు ఎదుటి గోడకు మూరెడు దూరంలో ఆగింది. నా తలుపు ఒక కరెంటు స్తంభానికి, అవతలి తలుపు ఇంటి గోడకు తగిలి బెత్తెడు కూడా తెరుచుకోలేదు. తీగ విప్పి చూశాను, రాడ్డు కదల్లేదు. వెనక్కి పోదామంటే అప్పటికే వెనుక రిక్షాలు, తోపుడుబండ్లు, సైకిళ్ళు నిండిపోయాయి. ఎండ. ఇంజను వేడి కాళ్ళకు కొడుతోంది. దిగడానికి లేదు, కదలడానికి లేదు.

మీ బాపు హోటల్లో చాయ్ వదిలేసి ఉరికొచ్చాడు. బంపరు మీదికెక్కి అద్దంలోంచి నా మొహంలోకి చూస్తూ అరిచాడు.

“ఏందిర, మిలిట్రీల గిదేనా నేర్చింది?”

“మామా, వెనక జాగ ఇప్పియ్యుండ్రి. జరంత వెనక్కి బోతె సాలు.”

“వెనక్కి బోవుడు నీకు మంచిగొస్తది. ముందుకు తొక్కు.”

తొక్కాను. కింద ఫట్‌మని ముందు షాఫ్టు జాయింటు విరిగింది. విరగడంతో బిగువు పోయి స్టీరింగు తిరిగింది, లారీ గల్లీలోకి వచ్చింది. దిగేసరికి మీ బాపు అందరికీ చెబుతున్నాడు: “ఇంట్ల పెట్టుకొని సాదుతున్న. అల్లుడని బండి చేతిల పెడ్తె ఇరగ్గొట్టిండు.” అక్కడ గాజులమ్మే ఆమె నుంచి పాన్ డబ్బా ఆయన దాకా అందరూ నన్నే చూశారు. నేను తల వంచుకుని నిలబడ్డాను.

ఎందుకో నీకు తెలుసు. పెళ్ళయిన వారంలోనే నా చెయ్యి పట్టుకుని, బాపుకు ఎన్నడూ ఎదురు చెప్పొద్దని మాట తీసుకున్నావు. ఎందుకని నేను అడగలేదు. ఆ మాట ఇన్నాళ్ళూ మోశాను. ఇప్పుడు అన్నం దగ్గర కూర్చుంటే ముద్ద దిగడం లేదు. ఈ ఇంట్లో నాకు మింగడానికి నోరుంది, మాట్లాడడానికి లేదు. నీ ట్రైనింగు అయ్యేదాకా ఆగలేను. లారీ బాగై రాగానే తాళం చెవి గూట్లో పెట్టి పోతాను. ఎక్కడికో ఇంకా తెలియదు. నీ మీద కోపం లేదు.

నీ
బాలనర్సింహ

*

హనుమకొండ,
గురువారం.

మా ఆయనకు,

మీ ఉత్తరం క్లాసులో చదివాను. తర్వాత పాఠం ఏం చెప్పారో నాకు తెలియదు.

ఆ మాట ఎందుకు తీసుకున్నానో చెప్పకపోవడం నా పిరికితనం. మా అన్న వైకుంఠం ఊరొదిలి పోయాడని మాత్రమే మీకు తెలుసు. పోలేదు, బాపు పొమ్మన్నాడు. ఇద్దరూ ఆ లారీ దగ్గరే కొట్లాడుకున్నారు. ఏం మాట పడ్డాడో లోపలున్న నాకు వినపడలేదు. అన్న ఎదురు తిరిగాడు, బాపు చెయ్యెత్తాడు. అన్న కట్టుబట్టలతో గడప దాటాడు. అమ్మ ఆ దిగులుతోనే పోయింది. ఇంకో మనిషి అట్లా గడప దాటితే నేను తట్టుకోలేననుకున్నాను. అందుకే మీ నోరు కట్టేశాను. మీరు ఇంట్లో ఉంటే చాలనుకున్నాను. ఎట్లా ఉన్నారో చూడలేదు.

ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. చెప్పాల్సింది బాపుకు ఎదురుగా నిలబడి చెప్పండి. దొంగలాగా తాళం గూట్లో పెట్టి మాత్రం పోకండి. ఆయన పొమ్మంటే నేరుగా ఇక్కడికి రండి. మా వార్డెనమ్మ ఎరుకలో అద్దెకు ఒక అర్ర ఉందట, అడుగుతాను. చదువుకుంటూ కాపురం చేసేవాళ్ళు ఇక్కడ ఇంకా ఉన్నారు.

మీ
మాణిక్యం

*

దబీర్‌పురా,
సెప్టెంబరు.

మాణిక్యం,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు మాటలు కూర్చుకున్నాను. చివరికి వాటిలో ఒక్కటీ వాడలేదు.

లారీ బాగై వచ్చింది. మీ బాపు మళ్ళీ తీగ కట్టాడు. క్వారీ నుంచి వస్తూ తారురోడ్డు ఎక్కగానే బండి ఆపాను. పక్కన ఆయన కూర్చుని ఉన్నాడు. కట్టింగ్ ప్లేయరుతో తీగ తెంపాను.

“ఏం జేస్తున్నవ్?” అన్నాడు.

“మామా, మీ ఇంట్ల తింటున్న, మీ బండి తోల్తున్న. గని నా చేతిలున్న బండి గురించి నా మాట ఇనాలె. ఇనకుంటె నేను ఇప్పుడే దిగిపోత. నలుగుర్ల నన్ను అన్న మాట గూడ తప్పు.”

చెయ్యెత్తుతాడనే అనుకున్నాను. ఆయన “దిగు. నేను తోల్త” అన్నాడు.

సీట్లు మారాం. రోడ్డు ఖాళీగా ఉంది. రాడ్డు అట్లాగే ఉంచి కుడికి పూర్తిగా తిప్పాడు. బండి మూలిగింది, కుదుపులతో ఆగింది. భుజాలతో లాగినా స్టీరింగు రాలేదు. రాడ్డు పట్టుకుని గుంజాడు, రాలేదు. మెడ మీద చెమట పట్టింది.

“ఇప్పుడేం జెయ్యాలె?” అన్నాడు, నా వైపు చూడకుండా.

“వచ్చిన తొవ్వనే వెనక్కి రానియ్యుండ్రి. మెల్లగ.”

రానిచ్చాడు. కింద ఠక్కుమంది. ఇప్పుడు తియ్యమన్నాను. రాడ్డు వేలితో నెట్టినంత తేలిగ్గా వచ్చింది. దాని మీద చెయ్యి ఉంచి ఆయన అట్లాగే కూర్చున్నాడు. ఇంజను ఆగిపోయింది, మళ్ళీ వెయ్యలేదు.

“మా వైకుంఠం గూడ గిదే చెప్పిండు” అన్నాడు. “తియ్యాలె బాపూ, తియ్యకుంటె ఇరుగుతదని. పని దొంగవన్న. నా బండి మీద నాకే నేర్పుతవా అన్న.”

మాణిక్యం, నువ్వు వినని మాట అదీ. ఆ తర్వాత ఇల్లు వచ్చేదాకా బండి ఆయనే తోలాడు. అన్ని మలుపులూ ఆయనే తిప్పాడు. స్టేషన్ గల్లీలో పాన్ డబ్బా ముందు ఆపి, “తప్పు మావోనిది కాదు, నాది” అని గట్టిగా చెప్పాడు. పాన్ డబ్బా ఆయనకు ముందు ఏం సంగతో అర్థం కాలేదు.

నేను ఇల్లు వదిలి పోవడం లేదు. అట్లాగని ఆ అర్ర వద్దని కూడా అనను, చూసి ఉంచు. మీ బాపు ఒక్క రోజులో మారే మనిషి కాదు, నిన్న ఉప్పు తక్కువైందని లొల్లి చేశాడు. కానీ నేను కూడా తిరిగి నాలుగు మాటలన్నాను. ఇద్దరం నవ్వలేదు, అన్నం మాత్రం తిన్నాం.

మీ అన్న ఎక్కడున్నాడో నీకు తెలుసని ఆయనకు తెలుసట. ఇన్నేళ్ళూ అడగడానికి నోరు రాలేదట. నేను ఇది రాస్తుంటే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఏం కావాలని అడిగితే, గోడ వైపు చూస్తూ, “వానికి పిల్లలెందరో అడుగుమను” అన్నాడు.

నీకు తెలిస్తే వెంటనే రాయి.

నీ
బాలనర్సింహ