మీగడపాలు

ఏలూరు, 1954, ఏకాదశి

ఒళ్ళు మండిపోతోంది. స్కూలు మాస్టారి ఇంటి కుక్కపిల్ల మధ్యాహ్నం మా పశువుల ఆస్పత్రి బల్ల మీదే చచ్చిపోయింది. పేగుల్లో కొంకిపురుగులు రక్తం పీల్చేసి దాని చిగుళ్ళు సున్నంలా పాలిపోయాయి. అయినా పురుగుల మందు ఖాళీ కడుపున పడితే బతికేదే. ఆ మందు వేసేటప్పుడు కడుపులో వెన్న, కొవ్వు ఉండకూడదు. ఉంటే ఆ మందే విషం. అందుకే నిన్న మాస్టారి భార్యకి ఒకటికి రెండుసార్లు చెప్పాను, రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దని.

పొద్దున్న మందు వేసి పంపాను. మధ్యాహ్నానికి తువ్వాలులో చుట్టి తీసుకొచ్చిందావిడ.

“ఏం పెట్టారమ్మా?”

“తిండేం పెట్టలేదండీ. నీరసంగా ఉందని తెల్లారగట్ల మీగడపాలు పోశానంతే. ఉపవాసమప్పుడు మనమూ పాలు తాగుతాం కదండీ!”

“పాలు తిండి కాదా?” అని ఆస్పత్రి కప్పు ఎగిరిపోయేలా అరిచాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

దాని తోబుట్టువులు ఇంకా రెండున్నాయి. రేపు వాటికి మందు వెయ్యాలి. ఆవిడ మళ్ళీ నా గుమ్మం తొక్కుతుందో లేదో...

ఇంటికొచ్చి కూడా విసుక్కుంటూనే ఉన్నాను. మా ఆవిడ గ్లాసు చేతికిచ్చింది. ఏకాదశి ఉపవాసం, పొద్దుటి నుంచి నేనేమీ తినలేదు, గటగటా తాగేశాను. మీసానికంటిన మీగడ తుడుచుకుంటుంటే గాని తెలియలేదు, తాగిందేమిటో.