గాజుగిన్నెలో గన్నేరాకులు

చిన్నీ,

డాబా మీద గాజుగిన్నె ముట్టుకోకు. అందులో మిగిలిన నీళ్లు మొక్కలకి కూడా పొయ్యకు. అల్మారాలో నిన్న నింపిన మల్లెపూల మందు సీసాలు ఆరున్నాయి, ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వకు. ఎవరైనా అడిగితే అక్క వచ్చాక ఇస్తుందని చెప్పు.

ఇందాక గిన్నె కడగబోతే అడుగున మూడు గన్నేరాకులు కనిపించాయి. పూలు మూడు గంటలు ఎండలో నానాక, వేలు తగలకుండా మల్లె ఆకుతోనే తియ్యాలని చిలక్కి చెప్పినట్టు చెప్పానే! నీళ్ల మీద నీ నీడ పడకూడదని అంత దూరంగా నిలబడ్డావు. చేతికందిన ఆకు ఏ చెట్టుదో చూసుకోవద్దా? గన్నేరు విషం, చిన్నీ. సాయంత్రం దాకా ఆ నీళ్లలోనే నానింది. వాటిలోనే, మందు నిలవుండాలని బ్రాందీ కలిపి సీసాల్లో పోశాం.

ఏడో సీసా, నిద్ర పట్టడం లేదని నిన్న టైలరమ్మ పట్టుకెళ్లింది. పొద్దుట్నుంచీ ఫోన్ ఎత్తడం లేదు. వాళ్లింటికే వెళ్తున్నాను.

తప్పు నీ ఒక్కదానిదే కాదులే. వడకట్టేటప్పుడు నేనూ చూసుకోలేదు. ఏడుస్తూ కూర్చోకుండా ఏదైనా తిను.

అన్నట్టు, ఎవరికైనా ఇచ్చేముందు ఒక చెంచా నేనే తాగి చూస్తాను కదా, నిన్నా తాగాను. రెండుసార్లు వాంతి అయిందంతే, కంగారు పడకు. ఈ కాగితం తెల్లదే కదా? నాకెందుకో పసుపుగా కనిపిస్తోంది.