గౌరీశ్వరి సంతకం

డాక్టరమ్మ యశస్విని గారికి నమస్కారమండి.

నిన్న పన్ను నొప్పితో మీ దగ్గరికొచ్చిన గౌరీశ్వరి భర్తని. అచ్యుతాపురంలో సేఫ్టీ బూట్ల కొట్టు మాది. ఎక్స్‌రేకి మీరిచ్చిన కన్సెంటు ఫారం ఆవిడ చేతికివ్వకుండా నేనే నింపేశానండి. గర్భవతా అన్నచోట కాదని టిక్కు పెట్టి, ఆవిడ సంతకం కూడా నేనే గీకేశాను. కొట్టు లైసెన్సు ఆవిడ పేరు మీద ఉంది, పదేళ్లుగా అన్ని కాయితాల మీదా అలా గీకేయడం అలవాటైపోయింది.

ఎక్స్‌రే గదిలో మీ సిస్టరు మళ్లీ అడిగింది కాబట్టి సరిపోయింది. రెండో నెలని మా ఆవిడ అప్పుడు చెప్పిందట. బయటికొచ్చి అందరి ముందూ, "ఏటీ, నా నోరు కూడా నీ కొట్టేనా? ఒక్క మాట నన్నడిగితే సెప్పీదాన్ని కదా!" అంది. అంత మంచి కబురు వింటూ తలెత్తలేకపోయానండి.

ఆ ఫారం చింపేయండి. శుక్రవారం ఆవిడొక్కర్తే లోపలికొస్తుంది. ఎక్స్‌రే ఇప్పుడు అవసరమో కాదో ఆవిడకే చెప్పండి. ఒప్పుకుంటే ఆవిడే సంతకం పెడుతుంది, నేను బయట బల్ల మీద కూర్చుంటాను. పాతదానితో పోలిక కలవలేదని అనుమానపడకండి. ఆవిడ అసలు సంతకం ఎలా ఉండేదో నాకే గుర్తు లేదండి.