పుల్లయ్య అను నా పాత పేరు నాకు తిరిగి ఇప్పించవలసినదిగా

మండల తహసీల్దారు గారి సముఖమునకు, రేగడిపాలెం గ్రామ కాపురస్తుడు, మిరప రైతు, కంచర్ల ప్రద్యుమ్న (పూర్వనామం పుల్లయ్య), తండ్రి కీ.శే. యలమందయ్య, వయసు 61, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మూడేళ్ళ క్రిందట నేను సొంత బుద్ధితో, గెజిట్ ద్వారా వదిలించుకున్న పేరును ఇప్పుడు అదే బుద్ధితో తిరిగి కోరుట గురించి.

తమ కార్యాలయంలోని గుమాస్తా గారు నా దరఖాస్తు చూసి, "కారణం దగ్గర ఇతరములు అని పెట్టారు. ఇతరములంటే ఏంటో వివరంగా అర్జీ రాసుకురండి బాబాయ్ గారూ" అని సెలవిచ్చారు. వారు వివరంగా అన్నారు గనుక వివరంగానే మనవి చేసుకొనుచున్నాను. నిడివికి వారే బాధ్యులు.

1. పేరు పుట్టుక. నాకు ముందు మా అమ్మ వెంకటేశ్వరమ్మకు ముగ్గురు మగపిల్లలు పుట్టి, ఏడాది నిండకుండానే పోయారు. వాళ్ళకు పెద్ద పెద్ద పేర్లు పెట్టడం వల్లే యముడి కంట పడ్డారని మా వీధి పెద్దవాళ్ళు తేల్చారు. అందుచేత నేను పుట్టిన పదకొండో రోజున, వీధిలో ఎవరిదో పెళ్ళి భోజనాలు అయ్యాక, బయట పారేసిన పుల్లాకుల మీద, అనగా ఎంగిలి విస్తళ్ళ మీద, నన్ను పడుకోబెట్టారు. వీడు ఎవరికీ అక్కర్లేనివాడు అని చావును నమ్మించుట దీని ఉద్దేశం. పక్కింటి హుస్సేన్ సాహెబ్ గారి తల్లి నన్ను ఏరుకుని తన ఇంటికి తీసుకుపోగా, మా అమ్మ వెళ్ళి సోలెడు జొన్నలిచ్చి కొనుక్కుని తెచ్చుకుంది. పుల్లాకులో దొరికినవాడు గనుక పుల్లయ్య. సదరు ఏర్పాటు పనిచేసిందనుటకు ఈ అర్జీదారుడే రుజువు.

2. ఆ పేరుతో పడిన పాట్లు. 'పుల్లయ్య వేమవరం వెళ్ళొచ్చినట్టు' అనే సామెత తమకు తెలియనిది కాదు. పని ఏమిటో కనుక్కోకుండానే తెల్లవారుజామున లేచి వేమవరం పోయి, పోయినట్టే తిరిగొచ్చిన ఆ పుల్లయ్యకూ నాకూ ఏ చుట్టరికమూ లేదు. అయినా బడిలో సుద్దముక్క తెమ్మని నన్ను పక్క గదికి పంపినప్పుడల్లా, నేను తిరిగి వచ్చేసరికి తరగతి తరగతంతా నవ్వేది. తరువాత నాకు పెళ్ళి సంబంధం కుదిరిన ఊరు వేమవరం. ఇందులో నా కుట్ర ఏమీ లేదు. పెళ్ళిచూపులకు వెళ్ళి వచ్చి బస్సు దిగుతుంటే మా ఊరివాళ్ళు వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు. నా భార్య కోటేశ్వరమ్మ ఈనాటికీ, నేను బజారుకు వెళ్ళి కొత్తిమీర మరచి వస్తే, "మా ఊరు వెళ్ళొచ్చారా?" అని అడుగుతుంది.

3. పేరు మార్పుకు దారితీసిన పరిస్థితులు. మూడేళ్ళ క్రిందట, తాలుకాయ, అనగా రంగు పోయిన పొల్లుకాయ, లేకుండా మిరప పండించానని రైతు సదస్సులో నాకు శాలువా కప్పుతామన్నారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాను. మైకు పట్టుకున్న అమ్మాయి నా పేరు చదివి, ఒక్క క్షణం ఆగి, "పుల్లయ్య గారూ, వేమవరం నుంచి ఎప్పుడొచ్చారండీ?" అన్నది. హాలు గొల్లుమంది. నేనూ నవ్వాను. అందరికంటే పెద్దగా నేనే నవ్వానేమో కూడా. ఆ శాలువాతోనే చిలకలూరిపేట బస్టాండుకు వచ్చి, మగపిల్లల పేర్లూ వాటి అర్థాలూ ఇచ్చే పుస్తకం ఒకటి కొన్నాను. "మనవడికా అండీ?" అని అడిగాడు కొట్టతను. అవునని అబద్ధమాడాను.

ఆ పుస్తకంలో 'ప' అక్షరం కింద చాలామంది ఉన్నారు. పుల్లయ్య లేడు. ఒకటికి రెండుసార్లు వేలు పెట్టి వెతికాను. మా ఊళ్ళో తిరుపాలు ఉన్నాడు, అంటే అడుక్కున్న తిరిపెం. భిక్షాలు ఉన్నాడు. వాళ్ళ పేర్లూ లేవు. చావును మోసం చేసి బతికినవాళ్ళకు పుస్తకంలో చోటు ఇచ్చినట్టు లేదు. ప్రద్యుమ్న అనే పేరు పక్కన మాత్రం 'మహాబలశాలి' అని ఉంది. అప్పటికి నా బరువు యాభై రెండు కిలోలు. అదే ఖాయం చేసుకున్నాను.

4. కొత్త పేరు ఫలితాలు. ఊళ్ళో దాన్ని ఒత్తులతో సహా పలికినవాడు నేటికీ లేడు. పద్దుమన్న అన్నారు, పెద్దమ్మన్న అన్నారు. ఆడవాళ్ళ వైద్య శిబిరానికి తప్పక రావలెనని 'శ్రీమతి ప్రద్యుమ్న' పేరిట చీటీ వచ్చింది. నేను వెళ్ళలేదు గాని, వెళ్తారా లేదా అని నా భార్య రెండు రోజులు అడుగుతూనే ఉంది. ఎదురుపడితే "ఏరా పుల్లాయ్, నీ కొత్త పేరేంది?" అనేవారు. అనగా కొత్త పేరు అడగడానికి సైతం పాత పేరే వాడేవారు.

5. మా అమ్మ సంగతి. ఆమెకు ఎనభై నాలుగేళ్ళు. పేరు మార్చుకున్నట్టు ఆమెకు నాలుగు నెలలు చెప్పలేదు. ఒకరోజు పోస్టుమాన్ మరియదాసు కొత్త ఆధార్ కార్డు తెచ్చి, గేటు దగ్గర నిలబడి తనకు చేతనైనట్టు ఆ పేరు పిలిచాడు.

"ఆ పేరు గలోళ్ళు ఇక్కడ ఎవరూ లేరయ్యా" అంది అమ్మ, వరండాలో మంచం మీద నుంచి.

"మీ అబ్బాయి గారేనమ్మా. పేరు మార్చుకున్నారుగా!"

నేను లోపలి నుంచి వచ్చేసరికి అమ్మ లేచి కూర్చుని ఉంది. "ఎవర్ని అడిగి తీశావురా ఆ పేరు?" అంది. మహాబలశాలి అని అర్థం వస్తుందమ్మా అని చెప్పబోయాను.

"బలం సంగతి నేనడిగానా? ఆ పేరులో నిన్ను దాచిపెట్టుకున్నానురా."

ఆ రోజు మొదలు, మధ్యాహ్నం భోంచేసి నేను కాసేపు నడుం వాలిస్తే, కర్ర పొడుచుకుంటూ వచ్చి నా ముక్కు కింద వేలు పెట్టి చూస్తుంది. నాకు మెలకువ వస్తుంది. అయినా కళ్ళు మూసుకుని, కాస్త గట్టిగా ఊపిరి వదులుతాను. అరవై ఏళ్ళ మనిషి చేయవలసిన పని కాదని తెలుసు.

6. మొన్న కార్తీకంలో నాకు డెంగీ వచ్చింది. నరసరావుపేటలో ఆసుపత్రిలో చేర్చారు. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. నా భార్య నా దగ్గర ఉండిపోయింది. నాలుగో రోజు మధ్యాహ్నం ఇంట్లో అమ్మ కనబడలేదు. హుస్సేన్ సాహెబ్ గారు తన మోపెడ్ మీద ఊరంతా తిరిగి, చివరకు హైవే పక్కన ఫంక్షన్ హాలు వెనక ఆమెను చూశారు. భోజనాలు అయిన ప్లేట్లు గుట్టగా పోసిన చోట వంగి, కర్రతో ఒక్కొక్కటే పక్కకు జరుపుతోంది. పనివాళ్ళు ఆకలి మీద ఉందనుకుని పులిహోర పెట్టారట. అది పక్కన అలాగే ఉంది.

"ఏంది పిన్నీ, ఇక్కడున్నావు?" అన్నారు ఆయన.

"ఆకులు లేవురా హుస్సేనూ. అన్నీ ప్లాస్టిక్కే. వాణ్ణి దేంట్లో దాచేది?"

ఆయనకు డెబ్బై ఏళ్ళు. నన్ను ఏరుకున్నది ఆయన తల్లే. ఆయనే లోపలికి పోయి, వడ్డించేవాళ్ళను బతిమాలి, పెళ్ళికొడుకు తిన్న వరసలో నుంచి ఒక అరిటాకు తెచ్చారు. దాన్ని మడిచి ఆమె చేతికిచ్చి, మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకొచ్చారు. అమ్మ వచ్చీరాగానే దాన్ని నా దిండు కింద పెట్టింది. నర్సమ్మ చూసి, "ఏంటండీ ఈ ఎంగిలాకు? ఇన్‌ఫెక్షన్ వస్తే ఎవరిది పూచీ?" అని కేకలేసింది.

"మందేనమ్మా. సాయంత్రం దాకా ఉండనీ తల్లీ" అన్నారు హుస్సేన్ సాహెబ్ గారు.

ఆమె మంచి పిల్ల. ఆకును ఒక కవర్లో పెట్టి, మూతి కట్టి, మళ్ళీ దిండు కిందే పెట్టింది. నేను అటు తిరిగి ఏడ్చాను. ఎందుకని అడిగితే, నీరసం అన్నాను. ఆరో రోజుకు ప్లేట్‌లెట్లు పెరిగాయి. సెలైన్ వల్ల అని డాక్టరు గారు, ఆకు వల్ల అని మా అమ్మ. కోలుకున్నవాణ్ణి నేనే గనుక ఈ వివాదంలో ఏ పక్షమూ చేరదలచలేదు.

7. ప్రార్థన. కావున తమరు దయతో నా పట్టాదారు పాసుపుస్తకం మొదలు సమస్త రికార్డులలో ప్రద్యుమ్నను తొలగించి పుల్లయ్యను యథాస్థానంలో నిలుపుటకు తగు సిఫార్సు చేయవలసినదిగా కోరుచున్నాను. సామెత తిరిగి నా మీదికి వస్తుందని నాకు తెలుసు. ఇప్పటికే తమ కార్యాలయానికి నాలుగుసార్లు వచ్చి ఊరికే తిరిగి వెళ్ళి ఉన్నాను. ఊళ్ళో ఏమనుకుంటున్నారో తమరు ఊహించగలరు. అననివ్వండి. నవ్వు వచ్చిన చోట నవ్వుకుని, తక్కినదంతా తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కంచర్ల ప్రద్యుమ్న
(సంతకం మాత్రం చేతి అలవాటు కొద్దీ పుల్లయ్య అనే పడింది. మన్నించగలరు.)

తా.క.: ఈ అర్జీ మా అమ్మకు చదివి వినిపించాను. మొదటి అంశం దగ్గరే ఆపమంది.

"ముగ్గురికీ పేర్లని రాశావు. ఇద్దరికేరా. మూడోవాడికి పేరే పెట్టలా. ఇరవై ఒకటో రోజున పెడదామనుకున్నాం. పద్దెనిమిదో రోజే పోయాడు."

ఈ సంగతి అరవై ఒక్కేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు. తక్కినదంతా ఆమె విన్నది. అయిపోయాక, "నువ్వొద్దన్న ఆ పేరు వాళ్ళేం చేస్తారు?" అని అడిగింది. కొట్టేస్తారమ్మా అన్నాను.

"కొట్టెయ్యొద్దని చెప్పు. ఎటూ గవర్నమెంటోళ్ళు రాసిన పేరేగా. ఆ బిడ్డకి పెట్టమను."

అయ్యా, వచ్చే సోమవారం ఆమె కూడా నాతో వస్తానంటోంది. ఇటువంటి దానికి దరఖాస్తు ఫారం ఉండదని నాకు తెలుసు. లేదని ఆమె ఎదుట మాత్రం అనకండి. ఏదో ఒక తెల్లకాగితం మీద, ఆమె చూస్తుండగా ఆ పేరు రాయండి. ఆమెకు చదవడం రాదు. రాసేటప్పుడు కాస్త పైకి పలకండి.