ఫ్లెక్సీలో కత్తిరించిన జుట్టు

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. జగ్గయ్యపేట చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టి, వేదిక వెనక నీ ఫ్లెక్సీ కట్టారు. నడుందాకా ఉండే నీ జుట్టును అందులో చెవుల పైకి కత్తిరించేశారు. ఆ జుట్టు చూసే కదా, నిన్ను క్వయర్‌లోంచి వెళ్లగొట్టారు. ఆ తర్వాతే నువ్వు గిటార్ తగిలించుకుని ఊరూరా రాక్ పాటలు పాడుతూ తిరిగావు.

"ఈ అబ్బాయెవరండీ?" అని సంఘపెద్దను అడిగాను.

"మీ తమ్ముడేగదమ్మా. నలుగురొచ్చే చోట కాస్త పద్ధతిగా ఉంటదని అట్టా చేయించా."

ఫ్లెక్సీ విప్పి ఆయన చేతికే ఇచ్చాను. నా సంచిలో తెచ్చిన నీ నందిగామ ప్రోగ్రామ్ పోస్టర్ అక్కడ అంటించాను. అందులో జుట్టు మొహం మీద పడుతుంటే, మైకులోకి అరుస్తున్నావు.

ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. నీ జుట్టునే చూస్తూ నిలబడ్డాను.

అక్క